అరవై దగ్గర ముల్లు

జూన్ తొమ్మిది. ఆ రోజు పొద్దున మేం ముగ్గురం కాల్చిన బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తిన్నాం. బ్రెడ్డు మాడిపోయింది. మాడ్చింది నేనే. మా ఆవిడ పోయాక వంటింటి పెత్తనం నా చేతికి వచ్చింది గాని వంట రాలేదు. మా అబ్బాయి నలుపంతా కత్తితో సింకులోకి గీకుతూ, "బ్రెడ్డు కాల్చమంటే తారు రోడ్డు వేసిపెట్టావేం నాన్నా" అన్నాడు. కోడలు నోట్లో గుడ్డు ముక్క పెట్టుకునే నవ్వింది. వాడు ఒక ముక్క నిలబడే తిని, ఇంకో ముక్క కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఆ రెండో ముక్కను సాయంత్రం ఆసుపత్రి వాళ్లు వాడి గడియారం, తాళంచెవులతో కలిపి ఒక కవరులో పెట్టి ఇచ్చారు. పై కాగితం తడిసింది. లోపల బ్రెడ్డు మాత్రం పొడిగానే ఉంది.

వాడి పని ఆ ఆసుపత్రి నుంచి కొండ మీది రాళ్ల క్వారీ దగ్గరున్న చిన్న క్లినిక్కుకు మందులు చేరవేయడం. వారానికి రెండుసార్లు, మోటారు సైకిలు వెనక ఐసు పెట్టె కట్టుకుని వెళ్లేవాడు. దారిలో సగానికి పైగా మంచి తారు రోడ్డు. ఆ తర్వాత తారు అయిపోయి, లారీలు తొక్కిన కంకర బాట, దాని చివర ఎండిన ఏరు. ఏటిలో గుండ్రాళ్లు. ఏరు దాటితే కొండ. ఆ రోజు వాడు ఏటి దాకా వెళ్లనే లేదు. ఏడాదిలో మొదటి వాన పడింది. మొదటి వానకు రోడ్డు మీది నూనె అంతా పైకి తేలుతుంది. దిగుడు మలుపులో ముందు వెళ్తున్న లారీ ఆగింది. వీడు బ్రేకు నొక్కాడు. ముందు చక్రం జారింది.

ఇన్‌స్పెక్టరు మంచివాడు. మా ఇద్దరికీ కుర్చీలు వేయించి, తను నిలబడి మాట్లాడాడు. టైరు జారిన గీతను బట్టి చూస్తే బండి డెబ్బైకి తక్కువ లేదని, అక్కడ అరవై దాటకూడదని బోర్డు ఉందని, అందుకే వేగం వల్ల జరిగిన ప్రమాదమని రాయాల్సి వస్తోందని నెమ్మదిగా చెప్పాడు. కోడలు ఒక్కటే అడిగింది, మీటరులో ముల్లు ఎక్కడ ఆగి ఉందని. మీటరు పగిలిపోయింది, అది చెప్పదు, రోడ్డే చెబుతుంది అన్నాడాయన.

ఆమె అలా ఎందుకు అడిగిందో నాకు తెలుసు. వాడు ఆ పనిలో చేరేటప్పుడు ఆమె ఒప్పుకోలేదు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. చివరికి ముల్లు అరవై దాటనివ్వనని మాట తీసుకుని ఒప్పుకుంది. "అరవై దాటిన రోజు నాకు తలుపు తీయకు, బయటే పడుకుంటా" అన్నాడు వాడు. అప్పట్లో మా ఇంట్లో అది పెద్ద నవ్వులాట. కాస్త ఆలస్యంగా వస్తే చాలు, ఆమె తలుపు వెనక నిలబడి, ఎంత మీద వచ్చావని అడిగేది. యాభై తొమ్మిది అనేవాడు వాడు. అప్పుడు గడియ తీసేది.

ఇన్‌స్పెక్టరు మాట విన్న తర్వాత ఆమె వాడి గురించి మాట్లాడటం తగ్గించేసింది. ఏడ్చేది గాని, ఆ ఏడుపులో ఏదో గట్టిగా బిగిసిపోయి ఉండేది. వాడి చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి, వాడి దుప్పటితో కలిపి బీరువాలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం వీధి తలుపు వేసే పని నాకు వదిలేసింది.

కోడలికి ఒక అన్న ఉన్నాడు. మా వీధి చివర రేకుల షెడ్డులో మోటారు సైకిళ్లు బాగు చేస్తాడు. చిన్నప్పటి నుంచి అందరూ అతన్ని బోల్టు అనే పిలుస్తారు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మా అబ్బాయి, అతనూ ముందు స్నేహితులు, తర్వాత బావా బావమరుదులు. "చెల్లెల్నిచ్చి బండికి ఫ్రీ సర్వీసు కూడా రాసిచ్చాను బావా, ఇంతకంటే బుద్ధి తక్కువ వ్యాపారం ఎవడూ చేయడు" అని అతను, "ఇచ్చిన రెండింట్లో ఒకటే సరిగ్గా నడుస్తోంది, ఏదో అడక్కు" అని మా వాడు. కోడలు ఇద్దర్నీ తిట్టేది.

ఆ బండికి పుట్టుకతో వచ్చిన ముందు చక్రం పదిహేడు అంగుళాలది. తారు మీద అది బంగారం. ఏటిలో మాత్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మనిషిని హ్యాండిలు మీదుగా విసిరేసేది. మా వాడు చలికాలమంతా పడుతూ లేస్తూ, మోచేతులు చెక్కుకుపోయి వచ్చేవాడు. అది చూడలేక బోల్టు ఆ చక్రం నడిబొడ్డులోని హబ్బును విప్పి, దాని చుట్టూ ఇరవై ఒక్క అంగుళాల రిమ్ము కట్టాడు. మడ్‌గార్డు పైకి లేపాడు. పెద్ద చక్రం రాయిని గుద్దుకోదు, ఎక్కి దిగుతుంది. ఆ తర్వాత వాడు కాలు కింద పెట్టకుండా ఏరు దాటేవాడు. ఐసు కరిగేలోపే పెట్టె చేరేది. కొండ మీది నర్సమ్మ, మీ బావమరిదికి నా దండాలు చెప్పు అందట.

కాని పెద్ద చక్రానికి టైరు సన్నం. తడి తారు మీద పట్టు తక్కువ. ఆ సంగతి బోల్టు ముందే చెప్పాడు, వీడు సరేనన్నాడు. అయినా జూన్ తొమ్మిది తర్వాత బోల్టు మా గడప తొక్కలేదు. అంతా అయిపోయిన రోజున గేటు దగ్గర నిలబడి అట్నుంచి అటే వెళ్లిపోయాడు. చక్రం వేసింది తనే కదా అని బాధపడుతున్నాడనుకున్నాం. రెండుసార్లు నేనే షెడ్డుకు వెళ్లి పిలిచాను. వస్తాను మామయ్య గారూ అన్నాడు, రాలేదు.

వానలు తగ్గి ఏరు ఎండాక, నవంబరులో ఆసుపత్రి స్టోర్స్ మేడమ్ మా ఇంటికి వచ్చింది. మందులు ఇప్పుడు క్వారీ లారీలో వెళ్తున్నాయట. లారీ వాడికి రాయి ముఖ్యం గాని మందు కాదు. ఒకరోజు మధ్యాహ్నం చేరుస్తాడు, ఒకరోజు అసలు పోడు. ఐసు కరిగిపోయి నర్సమ్మ సగం మందులు పారబోస్తోంది. ఆ దారి తెలిసిన మనిషి కావాలి, దొరకడం లేదు అని చెప్పి, మా ఇద్దరి మొహాల వంకా చూడకుండా మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆవిడ ఏమీ అడగలేదు. అడగకపోవడం ఆవిడ మర్యాద.

కోడలికి ఆ దారి తెలుసు. పెళ్లికి ముందు నుంచే బండి నడుపుతుంది. మా వాడికి జ్వరం వచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు పెట్టె తనే తీసుకెళ్లింది. గ్లాసు కడిగి బోర్లిస్తూ, తను వెళ్తానంది.

వద్దు అనే మాట నా పెదవుల దాకా వచ్చింది. ఈ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. పొద్దున ఆమె బాత్రూములో బకెట్టు చప్పుడు వినపడితే గాని నాకు లేవబుద్ధి కాదు. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

"మీరు వద్దంటే వెళ్లను మామయ్యా," అంది ఆమె. "నిజంగానే వెళ్లను. కాని వద్దనే ముందు ఒక రోజు ఆలోచించండి. ఆ రోడ్డు మీద మీ అబ్బాయికి అంత తొందర ఏమొచ్చిందో నాకు తెలియాలి. ఇంట్లో కూర్చుంటే తెలియట్లేదు."

మరునాడు సాయంత్రం ఇద్దరం షెడ్డుకు వెళ్లాం. వెళ్లనిస్తానో లేదో నేనింకా చెప్పలేదు. ముందు బండి చూద్దాం అన్నాను. పోలీసు స్టేషను నుంచి వచ్చిన దగ్గర్నుంచి అది అక్కడే, ఒక మూల పాత దుప్పటి కింద ఉంది. దుప్పటి తీస్తే ఆశ్చర్యపోయాను. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు సరిచేసి ఉంది. కొత్త అద్దాలు, కొత్త మీటరు. ఎవరూ అడగకుండానే బోల్టు అంతా బాగు చేసేశాడు, ముందు చక్రం తప్ప. దాని స్థానంలో ఒక చెక్క దుంగ పెట్టి నిలబెట్టాడు. మమ్మల్ని చూసి చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు, చేతులు శుభ్రమైపోయిన తర్వాత కూడా.

విషయం విని, చాలాసేపు చెల్లెలి వంక చూడకుండా మాట్లాడాడు. గోడకు ఆనించి మూడు చక్రాలున్నాయి. ఒకటి వంగిపోయిన ఇరవై ఒకటి. హబ్బు ఇంకా దాంట్లోనే ఉంది. రెండోది హబ్బు తీసేసిన పాత పదిహేడు, టైరుతో సహా. మూడోది ఏదో తుక్కు బండిది, పందొమ్మిది. వెళ్లాల్సిందే అయితే పదిహేడే కడతానన్నాడు. వెడల్పు టైరు, బ్రేకు కొడితే నిలబడుతుంది. ఇరవై ఒకటి మాత్రం ఇక ఈ చేత్తో ఎవరికీ కట్టనన్నాడు.

"పదిహేడు కట్టి ఏట్లో ఇరుక్కుంటే నన్ను లేపేదెవరు?" అంది ఆమె. "మర్నాడు లారీ వచ్చేదాకా రాళ్లతో కబుర్లు చెప్పుకోవాలి."

"పడితే పడతావు. రాళ్ల మీద ఎవరూ..." అని ఆగిపోయాడు.

"తెలుసు. రాళ్ల మీద పడితే లేస్తాను. తారు మీద పడితే లేవను." ఆమె మూడో చక్రం దగ్గరకు వెళ్లి, టైరు మీద చెయ్యి వేసింది. "మరి ఇది?"

పందొమ్మిది అటూ కాదు, ఇటూ కాదు అన్నాడు బోల్టు. తారు మీద పదిహేడంత నిలవదు, రాళ్ల మీద ఇరవై ఒకటంత ఎక్కదు. రెండు చోట్లా కొంచెం కొంచెం కష్టపెడుతుంది. కాని ఏ ఒక్క చోటా మోసం చేయదు. చెప్పడం అయ్యాక అతను నా వంక చూశాడు, నేనేమైనా అంటానేమోనని.

కోడలు చక్రాన్ని అటూ ఇటూ కదుపుతూ, తనలో తను అనుకున్నట్టు చిన్నగా నవ్వింది. ఐదు నెలల తర్వాత ఆ నవ్వు వినడం అదే. పెద్ద చక్రం వేయించుకున్న కొత్తల్లో మీ అబ్బాయి ఏమనేవాడో తెలుసా మామయ్యా అంది. కొండ దగ్గరికి జరిగింది అనేవాడట. అంతకుముందు క్లినిక్కుకు వెళ్తే మీటరులో యాభై కిలోమీటర్లు తిరిగేది, ఆ తర్వాత నలభై రెండో నలభై మూడో చూపించేదట. నీ కోసం కొండే నాలుగడుగులు ముందుకొచ్చింది, తొందరగా ఇంటికి వచ్చేస్తున్నాను చూడు అని ఆమెను ఏడిపించేవాడట.

నేను ముప్పై ఏళ్లకు పైగా భూమి కొలిచే ఆఫీసులో పని చేశాను. కొండలు జరగవు. దారి తగ్గిందంటే దారిలో ఉండదు తప్పు, కొలిచేదాంట్లో ఉంటుంది. పొడుగు దారులు కొలవడానికి మా ఆఫీసులో కర్ర చివర ఒక చక్రం ఉండేది. అది నేల మీద ఎన్నిసార్లు తిరిగితే అంత దూరం. చక్రం మారిస్తే లెక్క మారుతుంది. ఈ బండి మీటరుకు తీగ ముందు హబ్బు నుంచే వస్తుంది. ఆ హబ్బుకు తన చుట్టూ ఉన్న చక్రం పెద్దదైందని తెలియదు. ఎన్ని చుట్లు తిరిగానన్నదే దానికి తెలుసు.

పాత పదిహేడు చక్రాన్ని తీసుకున్నాను. నేల మీద ఒకసారి దొర్లించి చూద్దామని. గోడ వారగా గచ్చు సమంగా ఉంది గాని, దాని మీద ఒక గోనె పట్టా పరిచి ఉంది. పట్టాను కాలితో పక్కకు నెట్టాను.

కింద తెల్ల రంగు గీతలున్నాయి. బోల్టులకు గుర్తు పెట్టే రంగు. గోడ దగ్గర ఒక గీత. అక్కడి నుంచి బారెడు దూరంలో ఇంకో గీత. దాన్ని దాటి, జానెడుకు పైగా అవతల మరో గీత. నేను టైరు మీద వేలితో గుర్తు పట్టుకుని, మొదటి గీత నుంచి చక్రాన్ని ఒక్క చుట్టు దొర్లించాను. అది సరిగ్గా రెండో గీత మీద ఆగింది. మూడో గీత దేనిదో తెలియడానికి వంగిన పెద్ద చక్రాన్ని దొర్లించాల్సిన అవసరం లేకపోయింది.

తలెత్తితే బోల్టు నన్నే చూస్తున్నాడు.

కోడలు అటు తిరిగి బండి మీది దుమ్ము తుడుస్తోంది. నేను పట్టాను మళ్లీ కాలితో యథాస్థానానికి లాగాను. మూడు టీలు చెప్పి రమ్మని ఆమెను వీధి మలుపుకు పంపాను.

ఎప్పుడు కొలిచావని అడిగాను. బండి స్టేషను నుంచి వచ్చిన వారమే అన్నాడు. ఫోర్కు సరిచేస్తుంటే మీటరు తీగ చేతికి తగిలింది, అప్పుడు వెలిగింది అన్నాడు. హబ్బులో మీటరును తిప్పే పళ్ల చక్రం కూడా మార్చి ఉండాల్సింది. మార్చలేదు. ఎవరూ మార్చరు, ఈ వీధుల్లో బండ్లకు మీటర్లే పని చేయవు, ఎవడు చూస్తాడు ముల్లును. ముల్లు చూసి నడిపే మనిషి తనకు తెలిసి ఒక్కడే, తన బావ. ముల్లు అరవై మీద పెట్టుకుని, మాట తప్పలేదనుకుంటూ, డెబ్బై మీద వెళ్లాడు.

ఇదంతా అతను గొంతు పెంచకుండా చెప్పాడు. చెబుతూ ఆ గుడ్డను వేళ్ల చుట్టూ చుట్టుకుంటూనే ఉన్నాడు. నాకు మొదట కోపం వచ్చింది. చక్రం గురించి కాదు. ఐదు నెలలుగా ఆ పిల్ల బీరువాకు తాళం వేసుకుని కూర్చుంది. ఈ గీతల సంగతి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. తర్వాత అతని చేతులు చూశాను. గోళ్ల చుట్టూ చర్మమంతా కొరికేసి ఉంది. కోపం ఎక్కువసేపు నిలవలేదు.

"నువ్వే చెప్పు," అన్నాను. "నేను చెబితే అది లెక్క అవుతుంది. ఆ పిల్లకు కావలసింది లెక్క కాదు."

"చెబితే ఇక నా మొహం చూడదు మామయ్య గారూ."

"చూడకపోవచ్చు. అయినా చెప్పు. చక్రం బిగించేలోపు చెప్పు."

ఆమె టీ తెచ్చేసరికి అతను ఇరవై ఒకటి నుంచి హబ్బు విప్పడం మొదలుపెట్టాడు. పందొమ్మిదే అని ఎవరూ అనలేదు, అదే అయింది. చక్రం కట్టడం ఒక్క చేతి పని కాదు. ఒకరు రిమ్మును పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకరు ఊచలు ఒక్కొక్కటే ఎక్కించి బిగించాలి. చిన్నప్పుడు వాళ్ల నాన్న షెడ్డులో ఆ పని అన్నాచెల్లెళ్లు కలిసి చేసేవారట. ఆమె అడగకుండానే ఎదురుగా కూర్చుని రిమ్ము పట్టుకుంది. నేను తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాను. టీ చల్లారింది.

సగం ఊచలు ఎక్కాక, అతను తల ఎత్తకుండానే చెప్పాడు. గోనె పట్టా కింద ఏముందో చెప్పాడు, ఎప్పుడు గీశాడో చెప్పాడు. "బావ మాట తప్పలేదే. ముల్లు అరవై మీదే ఉండి ఉంటుంది. తప్పింది నా చక్రం."

ఆమె చేతిలో రిమ్ము ఆగిపోయింది. షెడ్డు బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. ఆమె లేచి వెళ్లి పట్టా ఎత్తి చూసింది. చివరి రెండు గీతల మధ్య దూరం మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే కూర్చుంది. మళ్లీ వచ్చి తన చోట కూర్చుని రిమ్ము పట్టుకుంది.

"ఐదు నెలలుగా చచ్చిపోయిన మనిషితో పోట్లాడుతున్నానురా అన్నయ్యా," అంది. "రోజూ. పళ్లు తోముకుంటూ కూడా."

"చెబితే నాతో మాట్లాడవని భయమేసింది."

"నువ్వు ఎలాగూ మాట్లాడట్లేదుగా."

అతను కళ్ల నీళ్లు తుడుచుకుంటే మొహమంతా గ్రీజు అయింది. ఆమె ఓదార్చలేదు. పర్వాలేదు అనలేదు. కాని రిమ్ము వదలలేదు. కాసేపటికి, ఊచ అందించడానికి చెయ్యి చాపింది. "కానీ. చీకటి పడుతోంది."

చక్రం బిగించాక మీటరు సంగతి వచ్చింది. పందొమ్మిది కూడా ఆ హబ్బును మోసం చేస్తుంది, కాకపోతే కాస్త తక్కువ. సరిపోయే పళ్ల చక్రం దొరకాలంటే వెతకాలి, దొరకచ్చు, దొరకకపోవచ్చు. మర్నాడు పొద్దున ముగ్గురం ఊరి బయటి రోడ్డు మీదికి వెళ్లాం. అరవై అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. నేను గడియారం చూస్తూ ఒక కిలోమీటరు రాయి దగ్గర, బోల్టు చెయ్యి ఎత్తి తర్వాతి రాయి దగ్గర నిలబడ్డాం. ఆమె అటూ ఇటూ తిరిగింది. ముల్లు యాభై దాటి కాస్త పైన ఉన్నప్పుడు లెక్క సరిగ్గా నిమిషానికి వచ్చింది. బోల్టు సన్న కుంచెతో మీటరు అద్దం మీద, అక్కడే, తెల్లగా ఒక గీత గీశాడు.

"ఇదీ నీ అరవై," అన్నాడు.

ఆమె నా వంక చూసింది. నేను చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదు మరి. గీత దాటకు అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఆమెకు అది చాలింది.

ఆమె మొదటిసారి పెట్టె తీసుకుని వెళ్లే రోజు పొద్దున నేను పొయ్యి దగ్గర నుంచి కదలకుండా బ్రెడ్డు కాల్చాను. మాడలేదు. ఆమె పళ్లెం వంక చూసి, "ఇవాళ రోడ్డు వేయలేదా మామయ్యా" అంది. ఇద్దరం కిందికి చూస్తూ తిన్నాం. కూర్చునే తినమన్నాను. కూర్చునే తింది.

నాలుగింటికల్లా రావాలి. నాలుగైంది, ఐదైంది. పేపరు చదివిన పేజీనే చదువుతున్నాను. ఎండ గోడ దిగిపోయాక గేటు దగ్గర ఎవరో ఉన్నట్టనిపించి చూస్తే బోల్టు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. లోపలికి రమ్మన్నాను. ఇక్కడే బాగుంది మామయ్య గారూ అన్నాడు. నేను కుర్చీ వసారాలోకి లాక్కుని కూర్చున్నాను. అతను గేటుకు ఆనుకుని. ఇద్దరం వీధి మలుపునే చూస్తూ ఉన్నాం. ఏ బండి చప్పుడు వినిపించినా అతను ముందే తల అడ్డంగా ఊపేవాడు, అది కాదని.

మసక వెలుతురులో, ఇంకా కనిపించకముందే, అతను నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు నాకు తెలిసింది.

ఒక అద్దం విరిగి ఉంది. ఆమె ఎడమ మోచేతికి నర్సమ్మ కట్టిన కట్టు. ఏటిలో రెండుసార్లు పడిందట. రెండోసారి బండి లేపడానికి చాలాసేపు పట్టిందట. హెల్మెట్ తీసి మెట్టు మీద కూర్చుని, నీళ్లు తాగి, మెల్లగా చెప్పింది. నిన్న లారీ వెళ్లలేదు. మందు కోసం రెండు రోజులుగా ఎదురుచూస్తున్న ఒక రాళ్లు కొట్టే ముసలాయన ఇవాళ తెల్లవారకముందే పోయాడు. ఆమె చేరేసరికి ఆయన భార్య క్లినిక్కు అరుగు మీదే కూర్చుని ఉంది. పెట్టె దించుతుంటే చూసిందట. లేచి వచ్చి, పట్టీ విప్పడానికి ఒక చెయ్యి సాయం పట్టిందట.

"పెద్ద చక్రమైతే ముందే చేరేదాన్ని," అంది.

ఎంత ముందు చేరినా ఆయనకు అందేది కాదని ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎవరం పైకి అనలేదు. అనుంటే బాగుండేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ గురువారం వస్తానని నర్సమ్మతో చెప్పి వచ్చిందట.

కాసేపటికి ఆమె గేటు వైపు తిరిగింది. "కుడి పక్క రెండు ఊచలు వదులయ్యాయి అన్నయ్యా. లోపలికి రా. తిన్నాక చూద్దువుగాని."

బోల్టు గడప దగ్గర చెప్పులు విడిచి, ఆ చెప్పులను సరిగ్గా పక్కపక్కన పెట్టి, లోపలికి వచ్చాడు. ముగ్గురం ఉన్నదేదో తిన్నాం. తారు మీద ముల్లు ఒక్కసారి కూడా గీత దాటలేదని ఆమె చెప్పింది, ఎవరూ అడగకుండానే. ఆ దిగుడు మలుపు దగ్గర బండి ఆపి కాసేపు నిలబడ్డానని కూడా చెప్పింది. అక్కడ ఏముందని నేను అడగలేదు. "ఏమీ లేదు మామయ్యా, రోడ్డే" అని తనే అంది.

బండిని వసారాలోకి ఎక్కించాక బోల్టు ఊచలు బిగించి వచ్చి, ముందు గదిలో బల్ల మీద ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని అలాగే నిద్రపోయాడు. కోడలు వెళ్లి బీరువా తాళం తీసిన చప్పుడు వినిపించింది. మా అబ్బాయి దుప్పటి తెచ్చి అతని మీద కప్పింది. మెలకువ వచ్చేలా కప్పలేదు, ప్రేమగా కూడా కప్పలేదు. కప్పింది, అంతే.

నేను అలవాటు కొద్దీ వీధి తలుపు వేయడానికి లేవబోయాను. నేను వేస్తాలెండి అంది. వెళ్లి గుమ్మంలో నిలబడింది. చలిగాలి లోపలికి వస్తున్నా తలుపు బార్లా తీసే ఉంచి, గేటు దగ్గరి నుంచి ఒక మనిషి నడిచి లోపలికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అలాగే నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, గడియ పెట్టింది.